రంగు లెక్కకి అందుతుంది, బుద్ధి అందదు

హైబ్రిడ్ పాముల్ని, అంటే రెండు జాతుల్ని కలిపితే పుట్టినవాటిని, పెంచుతానని తెలిసినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఇవి ఎవరి పోలిక?" ఆ తర్వాత కాస్త వెనక్కి జరిగి అడిగేది: "మరి బుద్ధి ఎవరిది?" పోలిక సంగతి పుట్టకముందే కాగితం మీద చాలావరకు చెప్పేయగలను. బుద్ధి సంగతి మాత్రం పిల్ల పుట్టి, కుబుసం విడిచి, నాలుగు పూటలు తిన్నాక కూడా గట్టిగా చెప్పలేను. పాముల్ని కలపడం మొదలుపెట్టేవాళ్లకి ఈ తేడా ముందే తెలిస్తే బాగుంటుంది. రంగుల ఫొటోలు చూసి దిగేవాళ్లే ఎక్కువ మరి.

నా దగ్గర ఉన్నవి ముఖ్యంగా జంగిల్ కార్న్‌లు. అంటే కార్న్ స్నేక్‌కీ, కాలిఫోర్నియా కింగ్ స్నేక్‌కీ పుట్టినవి. రెండూ విషం లేనివే, ఎరని చుట్టి బిగించి చంపేవే. కానీ ఒకే జాతి కాదు సరికదా, ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) కూడా కాదు. కార్న్ స్నేక్ పాంథెరోఫిస్‌లోది, కింగ్ స్నేక్ లాంప్రోపెల్టిస్‌లోది. గుర్రానికీ గాడిదకీ పుట్టిన కంచరగాడిదకి సంతానం కలగదని బడిలో చదువుకున్నాం. గుర్రం, గాడిద ఒకే ప్రజాతి. ఈ పాములు వేర్వేరు ప్రజాతులైనా, వీటి పిల్లలకి మళ్లీ పిల్లలు పుడతాయి. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకి 62. ఈ రెండు పాములకీ 36 చొప్పునే. అదొక్కటే కారణమని అనను గానీ, అదీ ఒక కారణం.

నా జంగిల్ కార్న్‌ల తల్లి పేరు పగడం. నలుపు అసలే లేని అమెలనిస్టిక్ కార్న్, అందరం అమెల్ అంటాం. నారింజ రంగు ఒళ్లు, ఎర్రటి మచ్చలు, ఎర్రటి కళ్లు. ఎవరి చేతికిచ్చినా వేళ్ల మధ్య నుంచి నింపాదిగా పారుతుంది. తండ్రి చారలయ్య, నలుపు తెలుపు పట్టీల మామూలు కింగ్ స్నేక్. కోపిష్ఠి కాదు, తిండిపోతు. వాడుండే ప్లాస్టిక్ టబ్ మూత తీస్తే చాలు, తలెత్తి ముందుకొస్తాడు. లోపలికొచ్చింది ఎలుకా, నా బొటనవేలా అన్నది నోట్లో పెట్టుకున్నాక తేల్చుకుంటాడు.

అసలు టెన్షన్ జత కట్టించేటప్పుడు. కింగ్ స్నేక్‌లు అడవిలో తోటి పాముల్నే తింటాయి. గిలక పాముల విషం కూడా వాటిని పెద్దగా ఏమీ చేయదు. అలాంటివాడి టబ్‌లోకి కార్న్ స్నేక్‌ని దింపితే పెళ్లికూతురనుకుంటాడా, భోజనమనుకుంటాడా అన్నది వాసన తేలుస్తుంది. మగపాము ఆడదాన్ని గుర్తుపట్టేది కంటితో కాదు. ఆడపాము చర్మం మీద ఉండే కొవ్వులాంటి పదార్థాల్ని నాలుకతో అందుకుని, నోటి పైభాగంలో ఉండే జేకబ్సన్ అవయవానికి చేరవేస్తుంది. అందుకే బ్రీడర్లు, అంటే పాముల్ని జత కట్టించి పిల్లల్ని తీసేవాళ్లు, ఒక ఎత్తు వేస్తారు. ఆడ కింగ్ స్నేక్ విడిచిన తాజా కుబుసాన్ని కొంచెం తడిపి, ఆడ కార్న్ ఒంటికి తల నుంచి తోక దాకా రుద్దుతారు. మిగిలిన ముక్కని టబ్‌లోనే పడేస్తారు. చలికాలపు విశ్రాంతి నుంచి బయటికొచ్చి, మొదటి కుబుసం విడిచిన మగవాడికి ఆ రోజుల్లో తిండి మీద కన్నా జత మీదే ధ్యాస ఎక్కువ. అయినా నేను వాడికి ముందే కడుపునిండా పెడతాను. ఎత్తు పారుతుందో లేదో, నిండిన కడుపు మాత్రం నమ్మదగ్గది.

అక్కడ నిలబడి చూసేవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది. ఎందుకంటే కింగ్ స్నేక్ మగవాడు జత కట్టేటప్పుడు కూడా ఆడదాని మెడ కరిచి పట్టుకుంటాడు. అది సంసారపు కాటో, తిండి కాటో ఆ క్షణంలో తెలియాలి. నేను చూసేది వాడి నడుముని. ఒళ్లు ఆమె వీపు వెంట వదులుగా పరుచుకుని, చిన్న చిన్న వణుకులతో కదులుతూ, తోక కిందికి జారుతుంటే సరే. నడుము ఆమె చుట్టూ మెలిక వేసి బిగుస్తుంటే ఇక ఆగకూడదు. ఒక చేతిలో కొక్కెం, పక్కన గిన్నెలో నీళ్లు. పట్టు విడవకపోతే తల మీద నీళ్లు పోస్తాను. పెట్టేసి పక్క గదిలోకి వెళ్లే పని అస్సలు కాదు.

గుడ్లు పెట్టాక ఇంకో అనుమానం: తండ్రి నిజంగా వీడేనా? ఆడపాములు మగవాడి బీజాన్ని నెలల తరబడి, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం దాచుకోగలవు. పోయిన సీజన్‌లో ఇంకో కార్న్‌తో కలిసిన ఆడదాన్ని తెచ్చి ఈసారి కింగ్‌తో కలిపి, పుట్టినవన్నీ హైబ్రిడ్లని అమ్మేవాళ్లున్నారు. మోసం చేయాలనే ఉద్దేశం లేకపోయినా జరిగేది మోసమే. మగతోడు అసలే లేకుండా పిల్లల్ని కన్న బోవాలు కూడా ఉన్నాయి. జన్యు పరీక్షలే ఆ సంగతి తేల్చాయి. అందుకే ఇదివరకు ఏ మగవాడితోనూ కలవని ఆడదైతేనే మేలు. పిల్లలు బయటికొచ్చాక ఒక చిన్న పరీక్ష ఉంది. కార్న్ స్నేక్‌ని వెల్లకిలా తిప్పితే మలద్వారం మీద ఉన్న పొలుసు రెండుగా చీలి ఉంటుంది. కింగ్‌కి అదే పొలుసు ఒక్కటిగా ఉంటుంది. వీపు పొలుసుల్లోనూ తేడా ఉంది. కార్న్‌కి నడి వీపు మీద సన్నటి గీత తగులుతుంది, కింగ్ ఒళ్లు అద్దంలా నున్నగా ఉంటుంది. రంగు చూసి మోసపోవచ్చు, పొలుసు చూసి మోసపోవడం కష్టం.

గుడ్లని 27, 28 డిగ్రీల దగ్గర తడి వర్మిక్యులైట్‌లో (తేమని పట్టి ఉంచే ఖనిజపు పొట్టు) ఉంచితే దాదాపు రెండు నెలలకి పెంకు చీలుతుంది. పెంకంటే గట్టిది కాదు, మెత్తటి తోలు. పిల్ల మూతి చివర ఉన్న చిన్న పన్నుతో దాన్ని కోసి, ముక్కు మాత్రం బయటపెట్టి, ఒక రోజో ఇంకా ఎక్కువో అలాగే కూర్చుంటుంది. లాగి బయటికి తీయాలని చేతులు దురద పెడతాయి. తీయకూడదు. కడుపులో ఇంకా పచ్చసొన ఉంటుంది.

ఇప్పుడు పోలిక సంగతి. పగడం అమెల్ కదా, పిల్లల్లో ఎర్రకళ్లవి ఉంటాయని చూడ్డానికొచ్చినవాళ్లు ఎదురుచూశారు. ఒక్కటీ లేదు. అన్నిటికీ నలుపు ఉంది. నలుపు పుట్టనివ్వని ఆ లోపం తల్లి నుంచి ఒక ప్రతి వచ్చినా, తండ్రి నుంచి వచ్చిన మంచి ప్రతి ఆ పని చేసేస్తుంది. లోపం ఎక్కడుందో 2015లో తేలింది. ఓసీఏ2 అనే జన్యువు మధ్యలో, అటూ ఇటూ గెంతే రకం డీఎన్‌ఏ ముక్క ఒకటి దూరి కూర్చోవడం వల్ల ఆ జన్యువు పాడైంది. అంటే మొదటి తరం పిల్లలన్నీ చూడ్డానికి నల్లవే, లోపల దాచుకున్నది మాత్రం ఎరుపు. వాటిలో అన్నాచెల్లెళ్లని కలిపితే రెండో తరంలో నాలుగో వంతు అమెల్ పిల్లలు రావాలి. రంగు విషయంలో లెక్క ఇంత సులువు.

డిజైన్ దగ్గరికొచ్చేసరికి లెక్క కాస్త వదులవుతుంది. కార్న్‌కి వీపు మీద జీను ఆకారపు మచ్చలు. కింగ్‌కి ఒంటి చుట్టూ పట్టీలు. మొదటి తరం పిల్లలకి ఈ రెండూ కాని మధ్యరకం వచ్చింది. మచ్చలు పక్కలకి సాగి, కొన్నిచోట్ల ఒకదానితో ఒకటి అంటుకుని, ముదురు గోధుమ నేల మీద పాలిపోయిన నారింజ గళ్లు. తల కార్న్ అంత సన్నం కాదు, కింగ్ అంత మొద్దూ కాదు. అయితే అన్నీ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. నోట్లో గాయంతో పుట్టినదాన్ని పక్కన పెడితే ఏది ఏదో నాకే గుర్తుండేది కాదు.

రెండో తరంలో మాత్రం పేకముక్కలు కలిపి పంచినట్టే. ఒకటి అచ్చం కార్న్. దాని పక్కనే పుట్టింది తాతలా పట్టీలు కట్టుకుని వచ్చింది. మధ్యలో అన్ని రకాలూ. ఇక మొదటి తరం పిల్లని తిరిగి కార్న్‌తో కలిపితే ముప్పాతిక కార్న్, దాన్ని మళ్లీ కలిపితే ఇంకా ఎక్కువ. అప్పటికి కంటికి తేడా దొరకదు. గొడవంతా ఇక్కడే. క్రీమ్‌సికిల్ అని అమ్మే పాములు అమెల్ కార్న్‌కీ ఎమొరీ ర్యాట్ స్నేక్‌కీ సంబంధం కలిపితే వచ్చినవి. ఎమొరీని ఒకప్పుడు కార్న్ స్నేక్‌లో ఉపజాతిగానే లెక్కపెట్టేవాళ్లు కాబట్టి, అది హైబ్రిడ్ కాదని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. కార్న్‌లలో నలుపుని పలచబరిచే అల్ట్రా అనే జీన్ గ్రే ర్యాట్ స్నేక్ నుంచి వచ్చిందన్నది బ్రీడర్లలో బలంగా ఉన్న మాట. నాకు హైబ్రిడ్ల మీద చిన్నచూపేమీ లేదు, ఉంటే ఇన్ని పెంచను. కానీ స్వచ్ఛమైన కార్న్ అని రాసి పావు వంతు కింగ్‌ని అమ్మితే, కొన్నవాళ్లు రెంటిని ఒకే టబ్‌లో పెట్టే ప్రమాదం ఉంది. ఆ పావు వంతులో తోటి పాముని తినే అలవాటు ఉండొచ్చు. నా పిల్లల్ని మొదటి రోజు నుంచే ఒక్కోదాన్ని ఒక్కో డబ్బాలో ఉంచుతాను.

కంటికి వేరుగా కనిపించేవన్నీ వేరు కాదనడానికి కింగ్ స్నేక్‌ దగ్గరే ఒక పాత ఉదాహరణ ఉంది. కాలిఫోర్నియా కింగ్‌లలో పట్టీలవి, నిలువు చారవి అని రెండు రకాలున్నాయి. ఒకప్పుడు వీటిని రెండు వేర్వేరు జాతులనుకున్నారు. 1930ల్లో పాముల నిపుణుడు లారెన్స్ క్లాబర్ ఒకే తల్లి పెట్టిన గుడ్లలోంచి రెండు రకాలూ రావడం చూపించాడు. దాంతో రెండు జాతులన్న మాట పోయింది.

ఇక బుద్ధి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పాముల విషయంలో ముందు అడగాల్సింది, మనం బుద్ధి అంటున్నది ఎన్ని విషయాల్ని కలిపి అని. నా నోట్‌బుక్‌లో ఒక్కో పిల్లకి ఒక్కో పేజీ. మూత తీయగానే ముందుకొస్తుందా, వెనక్కి పోతుందా. తోక వణికిస్తుందా. కాటేస్తే వెంటనే వదులుతుందా, పట్టుకుని నములుతుందా. చేతిలోకి తీసుకుంటే కంపు వదులుతుందా. తిండి మొదటిసారే తిన్నదా, బల్లి వాసన రుద్దితే గానీ ముట్టలేదా. ఇవన్నీ కలిసే వస్తాయని నేనూ అనుకునేదాన్ని. రావు. తండ్రిలా తిండి మీదికి దూకే పిల్ల, చేతిలోకి వచ్చాక తల్లిలా సాధువుగా ఉండొచ్చు. పిరికిది తోక వణికించి కాటేసి, తిండి పెట్టినప్పుడు మూల నక్కి కూర్చోవచ్చు.

"జంగిల్ కార్న్‌కి కింగ్ కోపం వస్తుంది" అనే మాట తరచూ వింటాను. వచ్చేది కోపం కాదు, ఆకలి. చారలయ్య పిల్లల్లో కరిచేవి చాలావరకు పట్టుకుని నమిలేవే. భయంతో కరిచే పాము అలా చేయదు, కొట్టి వెనక్కి పోతుంది. ఈ తేడా తెలిస్తే మందు కూడా తెలిసినట్టే. భయపడేదాన్ని రోజూ కాసేపు మెల్లగా చేతిలోకి తీసుకుంటే సర్దుకుంటుంది. తిండిపోతుని ముందు కొక్కెంతో వీపు మీద ఒకసారి తట్టాలి. తట్టితే తిండి కాదు, బయటికి తీయడమని కొన్నాళ్లకి నేర్చుకుంటుంది. ఎలుకలు పట్టిన చేతిని కడుక్కోకుండా డబ్బాలో పెట్టి, పాముది చెడ్డ బుద్ధి అనడం మాత్రం అన్యాయం.

ఆకలి, ఇష్టం రక్తంలో వస్తాయనడానికి ఉత్తర అమెరికాలో ఉండే గార్టర్ స్నేక్‌ల మీద జీవశాస్త్రవేత్త స్టీవన్ ఆర్నాల్డ్ చేసిన పని నాకు చాలా ఇష్టం. కాలిఫోర్నియా తీరంలో ఉండే గార్టర్ పాములు నత్తజాతి స్లగ్‌లని తింటాయి. అదే జాతికి చెందిన లోతట్టు పాములకి స్లగ్‌లు దొరకవు, కప్పలూ చేపలూ తింటాయి. అప్పుడే పుట్టిన, ఇంకా ఏమీ తినని పిల్లలకి స్లగ్ ముక్క పెడితే తీరం పిల్లలు ఎక్కువగా తిన్నాయి, లోతట్టువి ఎక్కువగా వద్దన్నాయి. రెండు చోట్ల పాముల్నీ కలిపితే పుట్టినవాటిలో చాలావరకు లోతట్టు వైపే మొగ్గాయి. నేర్పినవాళ్లెవరూ లేరు. పుట్టిన రోజే తెలుసు.

మరి పోలికకీ బుద్ధికీ ముడి ఉందా? "నల్లది ఎక్కువ పొగరుగా ఉంటుంది" లాంటి మాటలకి నా నోట్‌బుక్‌లో ఆధారం దొరకలేదు. రెండో తరంలో అచ్చం తాతలా పట్టీలతో పుట్టినది అందరికన్నా నెమ్మది. కానీ ముడి ఎక్కడా ఉండదని తీర్పు చెప్పేయలేం. జీవశాస్త్రవేత్త ఎడ్మండ్ బ్రోడీ 1989లో నేచర్ పత్రికలో రాసిన పనిలో ఇంకో రకం గార్టర్ స్నేక్ ఉంది. దాంట్లో ఒకే కాన్పులో చారలవీ, మచ్చలవీ పుడతాయి. తరిమితే చారలవి తిన్నగా పారిపోతాయి. చారలు లేనివి కొంత దూరం పోయి ఠక్కున వెనక్కి తిరుగుతాయి. కదిలే చారని చూసే కంటికి వేగం సరిగ్గా అంచనా దొరకదు, కాబట్టి చారలదానికి తిన్నగా పోవడమే లాభం. రూపమూ, పారిపోయే తీరూ రెండూ జన్యువుల్లోనే జత కలిసి ఉన్నాయి.

ముడి చెడ్డదైన చోటు కూడా ఉంది. బాల్ పైథాన్‌లలో స్పైడర్ అనే మార్ఫ్ (పుట్టుకతో వచ్చే రంగు, డిజైన్ రకం) అందంగానే ఉంటుంది. ఒళ్లంతా సన్నటి గీతల అల్లిక. ఆ జీన్ ఉన్న పాముల తల ఊగుతుంది. కొన్నిటికి కొద్దిగా, కొన్నిటికి ఎరని గురి చూసి కొట్టలేనంతగా. లోపలి చెవి నిర్మాణంలోనే తేడా ఉందని 2022లో వచ్చిన స్కాన్ అధ్యయనం చూపించింది. ఆ గీతల్ని ఉంచి ఊగడాన్ని తీసేద్దామని జాగ్రత్తగా ఏరి ఏరి జత కట్టించినవాళ్లకి అది సాధ్యపడలేదు, ఎందుకంటే రెండూ ఒకే జీన్ పని. కార్పెట్ పైథాన్‌లలో జాగ్వార్ కూడా ఇలాంటిదే. జాగ్వార్ కార్పెట్‌ని గ్రీన్ ట్రీ పైథాన్‌తో కలిపి కార్పాండ్రోలు తీస్తే, రంగుతో పాటు ఆ నరాల తిప్పలూ కొత్త జాతిలోకి దిగుమతి అవుతాయి. నేను ఆ రెంటి జోలికీ పోను. ఎవరైనా ఉచితంగా ఇస్తానన్నా పోను.

రెటిక్యులేటెడ్ పైథాన్‌కీ బర్మీస్ పైథాన్‌కీ కలిపి తీసే బ్యాట్‌ఈటర్ల గురించి అడుగుతుంటారు. ఒక్క మాటే చెబుతాను. చారలయ్య పిల్ల తిండనుకుని నా వేలు నమిలితే నాలుగు చుక్కల రక్తం వస్తుంది. ఐదు మీటర్లు దాటే రెండు జాతుల పిల్ల అదే పొరపాటు పడితే పక్కన ఇంకో మనిషి ఉండాలి. తండ్రి సాధువు, తల్లి సాధువు అన్నంత మాత్రాన పిల్ల మీద భరోసా పెట్టుకోవద్దు.

ఇప్పుడు నా దగ్గర రెండో తరం నుంచి ఒక జత ఆపుకున్నాను. రెండూ మట్టి రంగువి, ఫొటోకి పనికిరావు. కానీ పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా తోక వణికించలేదు, కొక్కెం తట్టకపోయినా చేతికీ ఎలుకకీ తేడా తెలుసు. నెమ్మదితనం ఎంతవరకు దిగుతుందో వీటి పిల్లల్లో చూడాలని. ఆడ కార్న్‌ని జత కట్టించాలంటే మూడేళ్ల వయసు, 300 గ్రాముల బరువు, మూడడుగుల పొడవు ఉండాలని పాత లెక్క ఒకటుంది. హైబ్రిడ్లకీ అదే పాటిస్తున్నాను. ఆడది ఇంకా ఆ బరువుకి రాలేదు. ఈలోగా దాన్ని అమ్మమని ఎవరైనా అడుగుతారేమోనన్న బెంగ లేదు. అందరూ దాని అమెల్ చెల్లెలి కోసమే అడుగుతున్నారు, అదేమో డబ్బా తెరిస్తే చాలు, కరుస్తుంది.